నీలిగిన్నెలో రెండు చీటీలు

2018 జనవరి 4. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో రాష్ట్ర ఎన్నికల బోర్డు సమావేశమైంది. బల్ల మీద మ్యూజియం నుంచి తెచ్చిన నీలి రంగు మట్టిగిన్నె. అందులో పాత కెమెరా రీళ్లు దాచుకునే చిన్న డబ్బీలు రెండు, ఒక్కో డబ్బీలో ఒక్కో పేరు రాసిన చీటీ. శాసనసభ 94వ నియోజకవర్గంలో రిపబ్లికన్ డేవిడ్ యాన్సీకి వచ్చిన ఓట్లు 11,608. డెమొక్రాట్ షెల్లీ సైమండ్స్‌కి వచ్చినవీ సరిగ్గా 11,608. బోర్డు అధికారి గిన్నెలో చెయ్యి పెట్టి ఒక డబ్బీ తీశారు. యాన్సీ పేరొచ్చింది. వంద సీట్ల సభ 51-49తో రిపబ్లికన్ల చేతిలోనే ఉండిపోయింది.

మన పంచాయతీ ఎన్నికల్లో ఓట్లు సమానమైతే లాటరీ తియ్యడం మామూలే కాబట్టి తెలుగు పాఠకుడికి ఇందులో వింతేమీ ఉండదు. వింత అంతకు ముందు జరిగింది. మొదటి లెక్కింపులో యాన్సీ 10 ఓట్లతో ముందున్నాడు. రీకౌంటింగ్‌లో సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచింది. మర్నాడు ముగ్గురు జడ్జీలు, పక్కన పడేసిన ఒక బ్యాలెట్‌ను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఆ ఓటరు ఎవరో గానీ ఇద్దరి పేర్ల పక్కనున్న సున్నాలూ నింపి, సైమండ్స్ సున్నా మీద ఒక గీత గీశాడు. గీత అంటే కొట్టివేతే అని జడ్జీలు తేల్చి ఆ ఓటు యాన్సీకిచ్చారు. లెక్క సమమైంది. రాష్ట్ర శాసనసభ ఎవరిదన్న ప్రశ్న ఒక పెన్ను గీత దగ్గరికొచ్చి ఆగింది.

అమెరికా ఎన్నికల గురించి పుస్తకాలు, సర్వేలు గుట్టలుగా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి చదివితే తేలేది ఇది: ఓటరు తేలిగ్గా కదలడు. రెండు పార్టీలూ దాదాపు చెరిసగం. 1984లో రీగన్ 18 శాతం తేడాతో గెలిచాక ఇప్పటిదాకా ఏ అధ్యక్షుడికీ రెండంకెల ఆధిక్యం రాలేదు. మనిషి కదలనప్పుడు పోరు మనిషి చుట్టూ ఉన్న నిబంధనల మీదికి మళ్లుతుంది. ఎవరు ఓటెయ్యొచ్చు, ఏ గీత లోపల వేస్తారు, వేసింది ఎలా లెక్కపెడతారు అన్నవాటి మీదికి.

నిబంధన అన్నాక ముందు చెప్పాల్సింది, అక్కడ మన ఎన్నికల సంఘం లాంటిది లేదని. ఫెడరల్ ఎన్నికల కమిషన్ అని 1975 నుంచి ఒకటుంది, కానీ అది చూసేది ప్రచార నిధుల లెక్కలు. జాబితా రాసేది, పోలింగ్ నడిపేది, ఫలితం ధ్రువీకరించేది రాష్ట్రాలు. వాటి కింద మూడు వేలకు పైగా కౌంటీలు. చాలా రాష్ట్రాల్లో ఈ పనికి పెద్ద అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ కూడా పార్టీ టికెట్ మీద గెలిచిన మనిషే. 2000లో ఫ్లోరిడా ఫలితాన్ని ధ్రువీకరించిన కేథరిన్ హారిస్, ఆ రాష్ట్రంలో రిపబ్లికన్ అభ్యర్థి బుష్ ప్రచారానికి సహాధ్యక్షురాలు. మన దగ్గర ఇలాంటిది జరిగితే ఆ సాయంత్రం టీవీ చర్చల్లో బల్లలు విరిగేవి.

ఓటరు నమోదు కూడా ఎవరి తిప్పలు వారివే. ఇంటికొచ్చి పేరు రాసుకునే బీఎల్‌వో ఉండడు. 1993 చట్టం వచ్చాక డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునే చోటే ఓటుకు నమోదు చేసుకునే వీలు కలిగింది. నార్త్ డకోటాలో నమోదన్నదే లేదు. కొన్ని రాష్ట్రాల్లో పోలింగ్ రోజునే పేరు రాయించుకోవచ్చు, మరికొన్నిట్లో వారాల ముందే తలుపు మూసేస్తారు. శిక్ష పడిన నేరస్థులకు మెయిన్, వెర్మాంట్‌లలో జైల్లోంచి కూడా ఓటుంది. కొన్ని రాష్ట్రాల్లో జైలు దాటి వచ్చాకా ఉండదు. ఇక పోలింగ్ మంగళవారమే, సెలవు ఇవ్వాలన్న నియమం దేశమంతటికీ లేదు. 1845లో చేసిన చట్టం అది. ఆదివారం చర్చి, బుధవారం చాలా ఊళ్లలో సంత, గుర్రబ్బండి మీద కౌంటీ కేంద్రానికి చేరడానికి ఒక రోజు. బండ్లు పోయాయి, మంగళవారం పోలేదు.

బ్యాలెట్ కాగితం చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అధ్యక్షుడు, సెనెటర్, ప్రతినిధుల సభ సభ్యుడు, రాష్ట్ర శాసనసభ్యుడు, షెరీఫ్, చాలా చోట్ల జడ్జీలు, స్కూల్ బోర్డు, ఆ కింద రాష్ట్ర ప్రజల ముందు పెట్టిన ప్రతిపాదనలు. పేజీలకు పేజీలు. 2024 నవంబరులో అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలా అని మిస్సోరీలో అడిగితే దాదాపు 52 శాతం సరేనన్నారు, చేరింది. అదే రోజు ఫ్లోరిడాలో అలాంటి ప్రశ్నకే 57 శాతం సరేనన్నారు, చేరలేదు. అక్కడ 60 శాతం రావాలి. రెండు రాష్ట్రాలూ ట్రంప్‌ను భారీ తేడాతో గెలిపించినవే.

అందరి నోళ్లలో నానేది ఎలక్టోరల్ కాలేజ్. మొత్తం ఓట్లు 538. ప్రతినిధుల సభ సీట్లు 435, సెనెట్ సీట్లు 100, రాజధాని వాషింగ్టన్‌కు 3. గెలవాలంటే 270. ప్రతి రాష్ట్రానికీ జనాభా ఎంతైనా ఇద్దరు సెనెటర్లు కాబట్టి చిన్న రాష్ట్రాలకు తూకం ఎక్కువ పడుతుంది. 2020 జనాభా లెక్కల్లో వయోమింగ్ జనం 5.77 లక్షలు, ఎలక్టోరల్ ఓట్లు 3. కాలిఫోర్నియా జనం 3.95 కోట్లు, ఓట్లు 54. వయోమింగ్‌లో సుమారు 1.92 లక్షల మందికి ఒక ఓటు, కాలిఫోర్నియాలో 7.3 లక్షల మందికి ఒకటి. జనం ఓట్లలో వెనకబడి కూడా అధ్యక్షుడైన సందర్భాలు ఐదు: 1824, 1876, 1888, 2000, 2016. చివరి దాంట్లో హిల్లరీ క్లింటన్ ఆధిక్యం 28 లక్షలు దాటింది.

చిన్న రాష్ట్రాల తూకం కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చిన వాళ్లకే రాష్ట్రం మొత్తం. కాబట్టి కాలిఫోర్నియా రిపబ్లికన్ ఓటుకు గానీ, అలబామా డెమొక్రాట్ ఓటుకు గానీ అధ్యక్ష ఎన్నికలో పని లేదు. ప్రచారమంతా పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరొలైనా, ఆరిజోనా, నెవాడా అనే ఏడు స్వింగ్ రాష్ట్రాల చుట్టూ తిరుగుతుంది. 2020లో బైడెన్‌కు దేశం మొత్తం మీద 70 లక్షల ఆధిక్యం వచ్చింది. జార్జియాలో గట్టెక్కింది 11,779 ఓట్లతో, ఆరిజోనాలో 10,457తో. 2024లో ట్రంప్ ఏడింటికి ఏడూ గెలిచి 312 చేరాడు. జనం ఓట్లలో డెమొక్రాట్ కమలా హారిస్ మీద ఆధిక్యం మాత్రం ఒకటిన్నర శాతమే.

ఫ్లోరిడా 2000 సంగతి దగ్గరగా చూడాలి. పామ్ బీచ్ కౌంటీ ఎన్నికల అధికారిణి వయసు మళ్లిన ఓటర్లకు కనిపించాలని అక్షరాలు పెద్దవి చేసింది. పేర్లు ఒక పేజీలో పట్టలేదు. సీతాకోకచిలుక రెక్కల్లా ఎదురెదురు పేజీల్లో వేసి, పొడవాల్సిన రంధ్రాలు మధ్యలో వరసగా పెట్టారు. ఎడమ పేజీలో బుష్ మొదటివాడు, డెమొక్రాట్ అల్ గోర్ రెండోవాడు. కానీ రెండో రంధ్రం కుడి పేజీలో ఉన్న ప్యాట్ బుకానన్‌ది, గోర్‌ది మూడోది. డెమొక్రాట్లు దండిగా ఉన్న ఆ కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. ఇవి నావి కాకపోవచ్చని ఆయనే టీవీలో ఒప్పుకున్నాడు. రంధ్రం పూర్తిగా పడక అంచున వేలాడే కాగితం ముక్కను చాడ్ అంటారని ప్రపంచానికి తెలిసింది కూడా అప్పుడే. వేలాడితే ఓటా, సొట్ట మాత్రమే పడితే ఓటా అని కౌంటీల్లో వాదనలు నడిచాయి. భూతద్దంలోంచి కార్డు వంక గుడ్లు మిటకరించి చూస్తున్న ఒక జడ్జీ ఫోటో అన్ని పత్రికల్లో వచ్చింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో లెక్కింపు ఆపింది. 537 ఓట్ల తేడాతో ఫ్లోరిడా, దాంతోపాటు అధ్యక్ష పదవి బుష్‌కి దక్కాయి.

రాష్ట్రం మొత్తం ఒకరికే ఇవ్వాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు, అది రాష్ట్రాలు పెట్టుకున్న పద్ధతి. మెయిన్, నెబ్రాస్కాలలో నియోజకవర్గాల వారీగా పంచుతారు. అందుకే రిపబ్లికన్ల ఎర్రటి నెబ్రాస్కాలో ఒమాహా నగరం డెమొక్రాట్లకు 2008, 2020, 2024ల్లో ఒక్కో ఓటిచ్చింది. 2024లో ఒమాహా ఇళ్ల ముందు పచ్చికలో వింత బోర్డులు వెలిశాయి. పార్టీ పేరు లేదు, అభ్యర్థి పేరు లేదు. తెల్ల బోర్డు మీద నీలం చుక్క, అంతే. ఎర్ర రాష్ట్రం మ్యాపులో తమ ఊరు డెమొక్రాట్ల నీలి చుక్కలా కనిపిస్తుందని. ఈ పద్ధతినే మార్చాలని, దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇస్తామని కొన్ని రాష్ట్రాలు 2007 నుంచి ఒప్పందం చేసుకుంటున్నాయి. 2024 నాటికి వాటి బలం 209. 270 చేరితే తప్ప ఆ ఒప్పందం అమలు కాదు. చేరిన వాటిలో డెమొక్రాట్ల వైపు మొగ్గే రాష్ట్రాలే నిండి ఉన్నాయి కాబట్టి మిగతా దూరం అంత తేలిక కాదు.

ఇంత పెద్ద దేశంలో రెండే పార్టీలేమిటి అన్నది మన వాళ్లు తరచుగా అడిగే ప్రశ్న. ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే 1951లో చెప్పిన జవాబు ఇప్పటికీ చాలామంది చెబుతారు: ఒక్క సీటు, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపు అన్న చోట మూడోవాడికి వేసిన ఓటు వృథా అనిపిస్తుంది, జనం రెండు వైపులా సర్దుకుంటారు. ఇదే పద్ధతి ఉన్న భారతదేశంలో డజన్ల పార్టీలున్నాయి గనక ఈ సూత్రం పూర్తి నిజమని ఒప్పుకోవడం కష్టం. అమెరికాలో అధ్యక్ష పదవి ఒక్కటే కావడం, బ్యాలెట్‌కు ఎక్కడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో సంతకాల పరీక్ష ఉండడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1992లో టెక్సస్ కోటీశ్వరుడు రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. ఆ ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి మరి. 1968లో జార్జ్ వాలెస్‌కు అంతకంటే తక్కువ ఓట్లే వచ్చినా దక్షిణాదిలో కుప్పగా పడ్డాయి కాబట్టి ఐదు రాష్ట్రాలు, 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. 2000లో ఫ్లోరిడాలో రాల్ఫ్ నేడర్‌కు 97 వేల పైచిలుకు ఓట్లు. 537తో పక్కన పెట్టి చూస్తే డెమొక్రాట్లు ఆ పేరు ఇంకా ఎందుకు మరచిపోలేదో తెలుస్తుంది.

మూడో పార్టీ లేకపోవడానికి ఇంకో కారణం ఆ రెండు పార్టీల తలుపులకు గడియ లేకపోవడం. ఇక్కడ బి-ఫారం అధినేత చేతిలో ఉంటుంది. టికెట్ రాని నాయకుడు రాత్రికి రాత్రి కండువా మారుస్తాడు, లేదా రెబల్‌గా దిగుతాడు. అక్కడ బి-ఫారం ఇచ్చేది ఓటరు. ప్రైమరీ అంటే అదే. అసమ్మతి ఉన్నవాడు బయటికి పోనక్కర్లేదు, లోపలే కుస్తీ పట్టొచ్చు. అధ్యక్ష అభ్యర్థిత్వం విషయంలో ఇది మరీ పాతదేమీ కాదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చెయ్యకుండానే పార్టీ పెద్దల బలంతో డెమొక్రాట్ అభ్యర్థి అయ్యాడు. షికాగోలో ఆ పార్టీ సభ బయట పోలీసుల లాఠీలు, లోపల కేకలు. ఆ మంట చల్లార్చడానికి వేసిన మెగవర్న్–ఫ్రేజర్ కమిషన్ నిబంధనలు మార్చింది. 1972 నుంచి ప్రైమరీలు, కాకస్‌లనే స్థానిక పార్టీ సభలే అభ్యర్థిని తేలుస్తున్నాయి. 1976లో జిమ్మీ కార్టర్ అయోవా కాకస్‌తోనే వెలుగులోకి వచ్చాడని అంటారు. నిజానికి అక్కడ మొదటి స్థానం 'ఇంకా ఎటూ తేల్చుకోలేదు' అన్నవాళ్లది, ఆయనది రెండోది. పత్రికలకు మనిషి కావాలి గనక ఆయన్నే విజేతను చేశాయి.

తలుపు తెరిచి ఉంటే ఎవరైనా రావచ్చు. 2016లో పార్టీ పెద్దలు వద్దంటున్నా డొనాల్డ్ ట్రంప్ వచ్చాడు. 2014లో ప్రతినిధుల సభలో మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ సొంత వర్జీనియా నియోజకవర్గంలో ఒక కాలేజీ ప్రొఫెసర్ చేతిలో ప్రైమరీలో ఓడిపోయాడు. 2018లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ పదిసార్లు గెలిచిన ప్రతినిధుల సభ సభ్యుణ్ణి అలాగే ఇంటికి పంపింది. ఆమెకు పడ్డవి 17 వేల లోపు ఓట్లు. 2022లో ట్రంప్‌ను ఎదిరించిన లిజ్ చెనీని వయోమింగ్ రిపబ్లికన్లు 37 శాతం తేడాతో తీసేశారు. ప్రైమరీకి వచ్చేది తక్కువ మంది, అందులోనూ పట్టుదల ఉన్నవాళ్లు. 435 ప్రతినిధుల సభ సీట్లలో నవంబరులో గట్టి పోటీ ఉండేది పదో వంతుకు అటూ ఇటుగానే గనక, మిగతా చోట్ల సభ్యుడు భయపడేది ఎదుటి పార్టీకి కాదు, తన పార్టీలో తనకంటే కరుడుగట్టిన వాడికి. వాషింగ్టన్‌లో రాజీలు ఎందుకు కుదరవో దీన్ని బట్టి చాలా మటుకు అర్థమవుతుంది.

ఇక ఓటరు మనసు సంగతి.

1940లో రూజ్‌వెల్ట్, విల్కీ పోటీ పడుతున్నప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే కొలంబియా ప్రొఫెసర్ బృందం ఒహాయోలోని ఈరీ కౌంటీలో మకాం వేసింది. మే నుంచి నవంబరు దాకా సుమారు 600 మందిని మళ్లీ మళ్లీ కలిసి అడిగారు. రేడియో, పత్రికలు జనాన్ని ఎలా తిప్పేస్తాయో చూద్దామని వాళ్ల ఆశ. తిరిగినవాళ్లు పెద్దగా దొరకలేదు. ఆర్నెల్లలో ఒక పార్టీ వదిలి ఇంకో పార్టీకి వచ్చినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. ప్రచారం చేసిన పనల్లా, ఎటు ఉన్నవాళ్లను అటే గట్టిపరచడం. జనం రేడియో కంటే పక్కింటివాడి మాట ఎక్కువ విన్నారు.

1960లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన 'ది అమెరికన్ వోటర్' ఇంకో అడుగు ముందుకేసింది. పార్టీ అనేది అభిప్రాయం కాదు, ఉనికి. అమ్మానాన్నల నుంచి మతం వచ్చినట్టే వస్తుంది అని. 'మా ఇల్లు మొదట్నుంచీ ఆ పార్టీయే' అనే మాట వింటూ పెరిగిన తెలుగువాడికి దీనికి వేరే వివరణ అక్కర్లేదు. ఈ మధ్య గ్యాలప్ సర్వేల్లో నలభై శాతం పైగా అమెరికన్లు తాము ఏ పార్టీ వాళ్లమూ కాదంటున్నారు. నమ్మకూడదు. ఇంకాస్త గుచ్చి అడిగితే అందులో ఎక్కువ మంది ఎటో ఒకవైపు మొగ్గుతారు, ఓటు కూడా పార్టీ మనుషుల్లాగే వేస్తారు. నిజమైన తటస్థులు పిడికెడు, వాళ్లలోనూ చాలామంది పోలింగ్ రోజున ఇంట్లోనే ఉంటారు.

మారింది ప్రేమ కాదు, ద్వేషం. 1960లో తమ పిల్లలు ఎదుటి పార్టీ ఇంట్లో పెళ్లి చేసుకుంటే బాధపడతామన్నవాళ్లు ఇరుపక్షాల్లోనూ ఐదు శాతానికి మించలేదు. 2010లో అదే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమొక్రాట్లలో మూడో వంతు కష్టమేనన్నారు. మన దగ్గర సంబంధాలు కులం అడిగి మొదలవుతాయి; అక్కడ ఆ చోటు పార్టీ ఆక్రమించినట్టుంది. మనం క్రాస్ ఓటింగ్ అనేది, అంటే పైన ఒకరికీ కింద ఇంకొకరికీ వెయ్యడం, దీనితో బాగా తగ్గింది. 2016లో సెనెట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష పదవికి గెలిచిన పార్టీయే సెనెట్ సీటూ గెలిచింది. అయినా పూర్తిగా చావలేదు. 2024లో ఆరిజోనా, నెవాడా, మిషిగన్, విస్కాన్సిన్ ట్రంప్‌కు ఓటేసి, సెనెట్‌కు డెమొక్రాట్లను పంపాయి. ఏడు స్వింగ్ రాష్ట్రాల్లో నాలుగు.

ఓటరు ఇంత మొద్దుగా ఉంటాడా అని అభ్యంతరం చెప్పిన ఆర్థికవేత్తలున్నారు. ఆంథనీ డౌన్స్ 1957లో ఓటరును లాభనష్టాలు బేరీజు వేసే మనిషిగా చూశాడు. ఆ లెక్కన అసలు ఓటు వెయ్యడమే దండగ, ఒక్క ఓటుతో తేలేదేముంది అనే చిక్కు వచ్చి పడింది. ఆ ఒక్క బ్యాలెట్ మీద గీత గీసిన వర్జీనియా ఓటరును అడగాలి. మోరిస్ ఫియోరినా 1981లో మధ్యేమార్గం చెప్పాడు: జనం వాగ్దానాలు తూచరు, గడిచిన నాలుగేళ్లను తూచుతారు. నాలుగేళ్ల కింద కంటే ఇప్పుడు బాగున్నారా అని 1980లో రీగన్ అడిగింది అదే. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరి, కోడిగుడ్ల ధర ఇంటింటి మాట అయ్యాక 2024లో హారిస్ మోసిన బరువూ అదే. ఈ దారిలో చివరిదాకా వెళ్లినవాళ్లు క్రిస్టఫర్ ఏకెన్, లారీ బార్టెల్స్. 1916 జులైలో న్యూజెర్సీ తీరంలో షార్కులు నలుగుర్ని చంపాయి. ఆ తీరపు ఊళ్లలో నవంబరులో అధ్యక్షుడు విల్సన్‌కు ఓట్లు తగ్గాయని, అంటే షార్కు చేసిన పనికి కూడా జనం సర్కారునే శిక్షిస్తారని వాళ్ల వాదన. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ లెక్క నిలవదన్నారు. షార్కు మాటెలా ఉన్నా, వరదొస్తే సర్కారును తిట్టని ఊరు ఎక్కడుంది?

ఎన్నికకూ ఎన్నికకూ మధ్య కదలని ఓటరు తరాల మధ్య మాత్రం కదులుతాడు. వెర్మాంట్ 1856 నుంచి 1960 దాకా ప్రతిసారీ రిపబ్లికన్‌కే వేసింది. ఇప్పుడు డెమొక్రాట్ల కంచుకోట. బొగ్గుగనుల వెస్ట్ వర్జీనియా 1980లో దేశమంతా రీగన్ గాలి వీచినా కార్టర్‌ను వదల్లేదు. 2024లో 70 శాతం ట్రంప్‌ది. అన్నిటికంటే పెద్ద మలుపు దక్షిణాదిది. అంతర్యుద్ధం నాటి నుంచి లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్లంటే పళ్లు కొరికిన తెల్లవాళ్లు, 1964లో డెమొక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టగానే అటు తిరిగారు. ఆ ఏడాది దేశమంతా చిత్తుగా ఓడిన రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌కు మిసిసిపీలో 87 శాతం ఓట్లొచ్చాయి. నల్లజాతీయుల ఓటు అప్పటి నుంచి పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా డెమొక్రాట్లది. ఇప్పుడు నడుస్తున్న మలుపు చదువుది. డిగ్రీ ఉన్న శివారు కాలనీలు డెమొక్రాట్ల వైపు, డిగ్రీ లేని శ్రామికులు రిపబ్లికన్ల వైపు జరుగుతున్నారు. ముందు తెల్లవాళ్లలో మొదలైంది, తర్వాత హిస్పానిక్‌లలోకి పాకింది. మెక్సికో సరిహద్దున ఉన్న టెక్సస్‌లోని స్టార్ కౌంటీలో దాదాపు అందరూ హిస్పానిక్‌లే. శతాబ్దం పైగా డెమొక్రాట్లకే వేసిన ఆ కౌంటీ 2024లో ట్రంప్‌ను గెలిపించింది.

ఎవరు వేస్తారన్నది ఎటు వేస్తారన్నంత ముఖ్యం. అధ్యక్ష ఎన్నిక లేని 2014 మధ్యంతరంలో పోలింగ్ 36 శాతం చుట్టూ ఉంది, 2018లో సగానికి చేరింది, 2020లో 66 శాతం. మిసిసిపీలో 1965కు ముందు ఓటరుగా నమోదైన నల్లజాతీయులు 7 శాతం కూడా లేరు. అక్షర పరీక్షలు, ఓటు పన్ను, రాత్రిపూట బెదిరింపులు. అలబామాలో ఓటు హక్కు కోసం నడిచినవాళ్ల నెత్తురు సెల్మా వంతెన మీద కారాక ఆ ఏడాదే వచ్చిన ఓటింగ్ హక్కుల చట్టంతో రెండేళ్లలో అది 60 శాతానికి దగ్గరైంది. ఒక్క చట్టం అంత త్వరగా అంత మార్పు తెచ్చిన సందర్భాలు తక్కువ. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు నిబంధన మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న ఏర్పాటును 2013లో సుప్రీంకోర్టు 5-4తో నిలిపేసింది. తీర్పు వచ్చిన రోజే టెక్సస్ తన గుర్తింపు కార్డు నిబంధనను అమలు చేస్తామని ప్రకటించింది.

తర్వాత, గీతలు. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ సంతకం పెట్టిన మ్యాపులో ఒక నియోజకవర్గం వంకరలు తిరిగి బల్లిని పోలిన సాలమాండర్‌లా కనిపించింది. పత్రికలో దానికి రెక్కలు, గోళ్లు పెట్టి బొమ్మ వేశారు. గెరీ, సాలమాండర్ కలిసి జెర్రీమాండర్ అయింది. చేసే పని సులువు. ఎదుటివాళ్ల ఓటర్లను కొన్ని సీట్లలో కుక్కెయ్యాలి, మిగిలినవాళ్లను చిందరవందరగా చల్లెయ్యాలి. మనకు పునర్విభజన కమిషన్ చేసే పనిని అక్కడ చాలా రాష్ట్రాల్లో శాసనసభే చేస్తుంది. అంటే ఎమ్మెల్యేలే ఓటర్లను ఎన్నుకుంటారు. నార్త్ కరొలైనాలో చెరిసగంగా ఉన్న ఓటర్లతో 13 సీట్లలో 10 రిపబ్లికన్లకు వచ్చేలా గీశారు. 11-2 గియ్యడం కుదరదు గనకే 10-3తో ఆగామని ఆ పని చూసిన శాసనసభ్యుడు దాపరికం లేకుండా చెప్పాడు. 2019లో సుప్రీంకోర్టు ఇది మేం తేల్చే విషయం కాదంది. ఇక అడ్డేముంది? మామూలుగా పదేళ్లకోసారి, జనాభా లెక్కల తర్వాత గీసే మ్యాపును టెక్సస్ 2025 మధ్యలోనే మార్చి ఐదు సీట్లు అదనంగా గెలిచే ఏర్పాటు చేసుకుంది. దానికి బదులుగా కాలిఫోర్నియా, తన స్వతంత్ర కమిషన్ మ్యాపును పక్కన పెట్టడానికి ఓటర్ల అనుమతి అడిగింది. నవంబరులో వాళ్లు బ్రహ్మాండంగా సరేనన్నారు. 2024లో ప్రతినిధుల సభ బలాబలాలు 220-215 అని గుర్తుంటే ఐదు సీట్ల విలువ తెలుస్తుంది.

డబ్బు గురించి అక్కడా చాలా మాట్లాడతారు, కానీ అది అనుకున్నంత పెద్ద పాత్ర కాదు. సుప్రీంకోర్టు 2010 సిటిజన్స్ యునైటెడ్ తీర్పు తర్వాత, అభ్యర్థి తరఫున విడిగా ఖర్చుపెట్టే సూపర్ ప్యాక్‌లనే సంఘాలకు హద్దు లేదు. ఎలాన్ మస్క్ 2024లో పాతిక కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు, ఆయన మనిషి గెలిచాడు. ఐదు నెలలు తిరక్కముందే విస్కాన్సిన్ సుప్రీంకోర్టు జడ్జీ ఎన్నికలో రెండు కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు, ఆయన మనిషి పది శాతం తేడాతో ఓడాడు. అధ్యక్ష పోరులోనూ ప్రచార నిధి ఎక్కువ పోగైంది హారిస్‌కే.

తెలుగువాళ్లకు ఈ లెక్కల్లో చోటు ఇప్పుడిప్పుడే దొరుకుతోంది. డాలస్, న్యూజెర్సీ తానా సభల్లో అమెరికా రాజకీయం గంటలకొద్దీ మాట్లాడే వాళ్లలో చాలామందికి ఓటే లేదు. హెచ్1బి మీద, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నారు. ఓటున్న భారతీయ అమెరికన్లలో 2024లో పదికి ఆరుగురు హారిస్ వైపు ఉన్నట్టు కార్నెగీ సంస్థ సర్వే చెప్పింది. 2020లో బైడెన్‌కున్న మొగ్గు అంతకంటే ఎక్కువ. ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష చిలుకూరి మూలాలు గోదావరి జిల్లాల్లో ఉన్నాయి. హైదరాబాదులో పుట్టిన అరుణ మిల్లర్ 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. ఒకరు ఆ పక్క, ఒకరు ఈ పక్క.

హైదరాబాదులోనే పుట్టిన ఇంకొకామె కథ మళ్లీ రిచ్‌మండ్‌కే తీసుకెళ్తుంది. 2019 నవంబరులో వర్జీనియాలో ఎన్నికలు. 94వ నియోజకవర్గంలో మళ్లీ యాన్సీ, మళ్లీ సైమండ్స్. రెండేళ్లలో ఒకటి మారింది: జాతి ప్రాతిపదికన గీశారంటూ ఫెడరల్ కోర్టు ఆ ప్రాంతపు మ్యాపును తిరగరాయించింది. సైమండ్స్ ఈసారి తేలిగ్గా గెలిచింది. అదే రాత్రి రిచ్‌మండ్ శివార్లలో రాష్ట్ర సెనెట్ సీటును గజాలా హష్మీ అనే ఇంగ్లీషు అధ్యాపకురాలు రిపబ్లికన్ చేతిలోంచి లాక్కుంది. సెనెట్ మ్యాపును కోర్టు ముట్టుకోలేదు. అక్కడ గీతలు పాతవే, శివార్లలో డిగ్రీ ఉన్న ఓటర్లే జరిగారు. 2025 నవంబరులో ఆమె వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది. ఆ పదవిలో ఉన్నవాళ్లు రాష్ట్ర సెనెట్‌కు అధ్యక్షత వహిస్తారు. నలభై మంది సభ్యులు చెరో ఇరవైగా చీలితే తేల్చే ఓటు వాళ్లదే. ఆ సభలో గిన్నె అవసరం రాదు.